పాటల పోటీ నుంచి ప్లేబ్యాక్ దాకా: గొంతు ఎన్ని రకాలుగా పలకాలి?

టీవీలో పాటల పోటీ చూస్తుంటే ప్రతి సీజన్‌లోనూ ఒక మాట వినపడుతుంది. "నీ గొంతులో వర్సటాలిటీ ఉందమ్మా, మంచి ఫ్యూచర్ ఉంది నీకు." ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటుంది, వెనక కూర్చున్న అమ్మానాన్నలు చేతులు జోడిస్తారు, ఇంట్లో చూస్తున్న మనకూ గొంతు పట్టేస్తుంది. ఆ మాట అన్నవాళ్లు మనస్ఫూర్తిగానే అంటారు. కానీ ఆ ఒక్క మాటలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయాయి. గొంతు ఎన్ని రకాలుగా పలుకుతుందనేది ఒకటి, ఆ గొంతుకు సినిమాల్లో పని దొరుకుతుందా అనేది ఇంకొకటి. మొదటిది ఉంటే రెండోది దానంతటదే వస్తుందని నమ్మి పిల్లల చదువు ఆపినవాళ్లు, ఊరు మారినవాళ్లు, అప్పులు చేసినవాళ్లు నాకు తెలుసు. చాలా ఏళ్లుగా ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తూ, అప్పుడప్పుడు స్టూడియోలకు వెళ్తూ చూసినదాన్ని బట్టి ఈ చిక్కుముడి విప్పే ప్రయత్నం చేస్తాను.

ముందు పోటీ సంగతి. అక్కడ పాడే పాట అప్పటికే హిట్టయింది. న్యాయనిర్ణేతలకు తెలుసు, చూసేవాళ్లకు తెలుసు, వాయించే మాకూ తెలుసు. పాడే పిల్లలు ఆ పాటను వందసార్లు విని ప్రతి సంగతినీ, ప్రతి ఊపిరినీ బట్టీ పట్టి వస్తారు. ఒక వారం మెలోడీ రౌండ్, ఒక వారం జానపదం, ఇంకో వారం మాస్ బీట్, తర్వాత భక్తి. ఏ రౌండ్‌లోనూ తడబడకుండా, అసలు పాటకు దగ్గరగా పాడి, పైన తనదంటూ ఒక ఆలాపనో హై పిచ్ మెరుపో చూపిస్తే మార్కులు పడతాయి. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. చెవి పదునెక్కుతుంది, జ్ఞాపకం పెరుగుతుంది, స్టేజీ భయం పోతుంది. పాడింది రెండు నిమిషాలే కావచ్చు, దాని వెనక ఎంత సాధన ఉంటుందో పక్కన వాయించినవాళ్లకు తెలుస్తుంది.

స్టూడియోలో మాత్రం అనుకరించడానికి అసలు పాట అంటూ ఉండదు.

కొన్నేళ్ల కిందట హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో చూసింది చెబుతాను. ఒక టీవీ పోటీలో చివరి రౌండ్ల దాకా వెళ్లిన అమ్మాయి ట్రాక్ పాడటానికి వచ్చింది. ట్రాక్ అంటే అసలు గాయని ఎవరో తేలకముందే, పాట ఎలా ఉంటుందో దర్శకుడికి, నిర్మాతకు వినిపించడానికి పాడించే నమూనా. ట్యూన్ ఫోన్‌లో వినిపించారు, అదీ సంగీత దర్శకుడు లాలలా అంటూ పాడుకున్న ముక్క. పల్లవికి మాటలు వచ్చాయి, చరణంలో సగం ఇంకా డమ్మీ మాటలే. ముప్పావు గంటలో బూత్‌లోకి, అంటే అద్దం అవతల మైకు ఉన్న గదిలోకి, వెళ్లాలి. మొదటి టేక్ వినగానే బయట కూర్చున్న మేమంతా తలలూపాం. శ్రుతి కచ్చితంగా ఉంది, తాళం ఎక్కడా జారలేదు.

లోపల పాడేవాళ్లతో బయటి నుంచి మాట్లాడే టాక్‌బ్యాక్ మైకులో సంగీత దర్శకుడు అన్నాడు: "బాగుందమ్మా. కానీ హాల్లో వెయ్యిమంది ఉన్నట్టు పాడుతున్నావు. ఇక్కడ వినేది ఒక్కడే, వాడు నీ పక్కనే కూర్చున్నాడు. గొంతు దించు." ఆమె గొంతు దించింది. దించేసరికి శ్రుతి కొంచెం కిందికి జారింది. శ్రుతి నిలబెడితే మళ్లీ శబ్దం పెరిగింది. 'ప' వచ్చిన చోటల్లా గాలి మైకుకు కొట్టి ఫట్‌మంది. అది సర్దుకున్నాక, "ఇప్పుడు చిన్న నవ్వుతో పాడు. నవ్వకు, నవ్వు గొంతులో వినపడాలి" అన్నాడు. ఆ ఒక్క లైన్ దగ్గర ఎన్ని టేకులయ్యాయో లెక్కపెట్టడం మానేశాం. మధ్యలో ఆ అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి మంచినీళ్లు తాగుతూ, "సార్, ఇది ఎవరి స్టైల్లో కావాలి?" అని అడిగింది. ఆయన విసుక్కోలేదు. "అదే నాకూ తెలీదమ్మా, నువ్వు పాడితే తెలుస్తుంది" అన్నాడు.

ఆమెకు ప్రతిభ తక్కువై అలా జరగలేదు. అప్పటిదాకా ఆమెకు అలవాటైన పని వేరు, ఆ పూట అడిగిన పని వేరు. సంప్రదాయ సంగీతం నేర్చుకున్న పిల్లలకు గొంతు విప్పి, చివరి వరుస దాకా వినపడేలా పాడటం నేర్పుతారు. ఇప్పటి సినిమా పాట చాలావరకు మైకుకు జానెడు దూరంలో, మాట్లాడే గొంతుకు దగ్గరగా పుడుతుంది. మెల్లగా పాడుతూ శ్రుతి నిలబెట్టాలంటే ఊపిరి మీద గట్టి పట్టు కావాలి. గట్టిగా పాడటం కన్నా అది కష్టం. గుండె నుంచి పలికే బరువైన గొంతు, తలలోంచి పలికే సన్నని గొంతు, రెంటికీ మధ్య అతుకు తెలియకుండా జారిపోవడం, మాట చివర గాలి వదలడమా ఆపడమా అన్న ఎంపిక, ఇవన్నీ అక్కడ పనికొచ్చే వైవిధ్యం. ఈ రాగం, ఆ బీట్, ఫలానా గాయకుడి గమకం అని పోటీలో రౌండ్ల వారీగా చూపించే వైవిధ్యం దీనికి దూరపు చుట్టం.

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. వర్సటాలిటీ అనే మాటకు మన దగ్గర అంత విలువ రావడానికి కారణం మద్రాసు రోజులు. అప్పట్లో సినిమాలు చాలా, గాయకులు కొద్దిమంది. ఎన్టీఆర్‌కీ ఏఎన్నార్‌కీ ఘంటసాలే పాడాలి, ఇద్దరి గొంతూ వేరుగా వినపడాలి. తర్వాత బాలు గారు ఆ పనిని ఎక్కడికో తీసుకెళ్లారు. హీరోలకు పాడిన గొంతుతోనే 1976లో 'మనుషులంతా ఒక్కటే'లో 'ముత్యాలు వస్తావా' అంటూ అల్లు రామలింగయ్యకు పాడితే, తెర మీద పాడుతున్నది ఆయనే అనిపిస్తుంది. 1981లో 'సప్తపది'లో 'గోవుల్లు తెల్లన' పాటకు జానకమ్మ పసిపిల్లాడి గొంతు తెచ్చారు. ఒక్కసారి కళ్లు మూసుకుని వినండి, పాడుతున్నది పెద్దావిడంటే నమ్మబుద్ధి కాదు. వాళ్లది అద్భుతమైన ప్రతిభ, అందులో సందేహం లేదు. దానితో పాటు అప్పటి పరిశ్రమ అవసరమూ ఉంది. ఆర్కెస్ట్రా అంతా ఒకే హాల్లో కూర్చుని వాయిస్తుంటే గాయకులు కూడా అక్కడే నిలబడి పాడాలి. ఒక్కరు తప్పితే అందరూ మొదటికి రావాల్సిందే. అలాంటి చోట, ఏ పాత్ర ఇచ్చినా వెంటనే అందుకుని తప్పులేకుండా పాడే మనిషి బంగారం.

ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది. పాట లైన్ లైన్‌గా, అవసరమైతే మాట మాటగా రికార్డవుతుంది. ఒక్కో గాయకుడు ఒక్కో ఊళ్లో పాడి ఫైల్ పంపిస్తాడు. శ్రుతి కాస్త అటూఇటూ అయితే సాఫ్ట్‌వేర్ సరిచేస్తుంది. దొరికే గొంతులకూ కొదవ లేదు. అలాంటప్పుడు ఒకే గాయని చేత పది రకాలుగా పాడించే అవసరం సంగీత దర్శకుడికి ఏముంటుంది? జానపదానికి జానపదంలో పుట్టిన గొంతే తెచ్చుకుంటాడు. 2021లో 'లవ్ స్టోరీ'లో 'సారంగ దరియా' మంగ్లీ పాడారు. అదే ఏడాది 'పుష్ప'లో 'ఊ అంటావా' ఆమె చెల్లెలు ఇంద్రావతి చౌహాన్ పాడారు. 'భీమ్లా నాయక్' టైటిల్ పాటకు పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గారినే పిలిపించారు. సిద్ శ్రీరామ్ మొదటి మాట పలకగానే ఎవరో తెలిసిపోతుంది. ఈ గొంతుల్లో ఒక్కటీ 'ఏదైనా పాడగలదు' అనే పేరు మీద అక్కడికి చేరలేదు. ఆ పాటకు ఆ గొంతు తప్ప ఇంకోటి అతకదనిపించింది, అంతే.

అంటే బహుముఖంగా పాడటం వృథానా? కానే కాదు. నా అభిప్రాయంలో, ఇవాళ గొంతులోని వైవిధ్యం అన్నం పెడుతుంది, గొంతులోని ప్రత్యేకత పేరు తెస్తుంది. ఈ రెంటినీ ఒకటే అనుకున్నప్పుడే పిల్లలు దెబ్బతింటున్నారు.

అన్నం పెట్టే వైపు ఎంత పని ఉందో బయటివాళ్లకు తెలియదు. ట్రాకులు, కోరస్‌లు, పాటలో రెండో చరణం వెనక వచ్చే హమ్మింగులు, యాడ్ జింగిల్స్, సీరియల్ టైటిల్ పాటలు, భక్తి ఆల్బమ్‌లు, వేరే భాష సినిమా తెలుగులోకి వచ్చినప్పుడు పాడే పాటలు. ఇక్కడ ఏది ఇచ్చినా పట్టుకునేవాళ్లకే మళ్లీ ఫోన్ వస్తుంది. గొంతు నటనకు కూడా పనికొస్తుందని మర్చిపోకూడదు. బాలు గారు కమల్ హాసన్‌కి తెలుగులో డబ్బింగ్ చెప్పారు, 'గాంధీ' తెలుగులోకి వచ్చినప్పుడు గాంధీ పాత్రకు గొంతిచ్చారు. గాయని సునీత పాటతో పాటు డబ్బింగ్‌లోనూ ఎన్నో ఏళ్లు నిలబడ్డారు. 'ఏ మాయ చేసావే'లో సమంతకు గొంతిచ్చింది గాయని చిన్మయి. హీరోయిన్ మాట ఎలా ఉండాలో తెలిసిన మనిషికి హీరోయిన్ పాట ఎలా ఉండాలో కూడా తెలుస్తుంది.

ట్రాక్ పాడేవాళ్ల గుండెకోత గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మీరు పాడిన ట్రాక్ బాగుందని అందరూ మెచ్చుకుంటారు, ఫోన్లలో పెట్టుకుని నెలల తరబడి వింటారు, పాట విడుదలయ్యే రోజుకు అందులో వేరే గొంతు ఉంటుంది. అది ఎవరూ చేసిన మోసం కాకపోవచ్చు. మార్కెట్‌లో పేరున్న గొంతు కావాలని నిర్మాత అనొచ్చు, హీరోకు సూటవదని దర్శకుడు అనొచ్చు. ఒకే పాటను ముగ్గురి చేత పాడించి ఒకరిది ఉంచడం కూడా మామూలే. ఒక్కోసారి ట్రాకే బాగుందని ఉంచేస్తారు, కొందరి జీవితాలు అలానే మలుపు తిరిగాయి. కానీ దాని మీద ఆశ పెట్టుకుని బతకడం కష్టం. పాట విడుదలయ్యే దాకా ఎవరికీ చెప్పుకోకుండా ఉండటం ఈ రంగంలో ముందుగా నేర్చుకోవాల్సిన పాఠం.

ఇక పోటీలు ఎవరిని ఎక్కడికి చేర్చాయో చూద్దాం. 1996లో ఈటీవీలో బాలు గారు మొదలుపెట్టిన 'పాడుతా తీయగా' నుంచి ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ లాంటివాళ్లు సినిమాల్లోకి వచ్చారు. జాతీయ స్థాయిలో ఇండియన్ ఐడల్ రెండో సీజన్‌లో కారుణ్య రన్నరప్, 2010లో శ్రీరామచంద్ర విజేత, 2017లో రేవంత్ విజేత. ఇక్కడ ఒక సంగతి గమనించండి. రేవంత్ ఆ పోటీ గెలవడానికి రెండేళ్ల ముందే, 2015లో 'బాహుబలి'లో 'మనోహరి' పాడేశారు. అంటే ఆయన విషయంలో ట్రోఫీ కన్నా సినిమా పాటే ముందు. మరో వైపు అరిజిత్ సింగ్ 2005లో 'ఫేమ్ గురుకుల్' పోటీ గెలవకుండానే బయటికి వచ్చారు. తర్వాత కొన్నేళ్లు ప్రీతమ్ లాంటి సంగీత దర్శకుల దగ్గర ప్రోగ్రామింగ్, అంటే కంప్యూటర్ మీద పాటకు సంగీతం పేర్చే పని, చేశారు. 2013లో 'తుమ్ హీ హో' వచ్చేదాకా ఆయన పేరు మామూలు జనానికి తెలియదు. ఆ మధ్య ఏళ్లు నాకు చాలా ముఖ్యంగా కనపడతాయి. పాట లోపలి నుంచి ఎలా తయారవుతుందో, సంగీత దర్శకుడు గాయకుడి దగ్గర ఏం వెతుకుతాడో అద్దానికి ఇవతల కూర్చుని చూసిన ఏళ్లవి.

బాలు గారి మొదలు కూడా పోటీ నుంచే. మద్రాసులో ఒక పోటీలో విని ఎస్.పి. కోదండపాణి ఆయన్ని గుర్తుపెట్టుకున్నారు, 1966 డిసెంబర్‌లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'కు పాడించారు. అంతటితో వదిలేయకుండా వెంటబెట్టుకుని మిగతా సంగీత దర్శకుల దగ్గరికి తీసుకెళ్లారు. పోటీ ఒక చెవిని సంపాదించి పెట్టింది, ఆ చెవి ఉన్న మనిషి తర్వాత దారి చూపించారు. ఇప్పటి టీవీ పోటీ ఒక్క రాత్రిలో లక్షల చెవులు ఇస్తుంది, కానీ వాటిలో పని ఇచ్చేవి ఎన్ని? అన్ని చానళ్లలో, ఓటీటీల్లో కలిపి ఎన్నో పోటీలు, ప్రతి దానికీ ఒక విజేత, నలుగురైదుగురు ఫైనలిస్టులు. సినిమాకు నాలుగైదు పాటలు, అందులో ఒకటి సంగీత దర్శకుడే పాడుకుంటాడు, ఇంకోటి ముంబై గొంతుకో చెన్నై గొంతుకో పోతుంది. ఆడపిల్లలకైతే ఇంకా ఇరుకు. సోలో పాటలు తగ్గాయి, యుగళగీతంలో కూడా హీరోయిన్ భాగం నాలుగు లైన్లకు కుదించుకుపోతోంది. గెలిచి ఏడాది తిరక్కముందే కొత్త సీజన్ వచ్చి కొత్త పేరు తెస్తుంది.

ఇంత పోటీలో తెలుగు పిల్లలకు ఉన్న ఒక బలం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు, ఉచ్చారణ. మన 'చ', 'జ' రెండు రకాలుగా పలుకుతాయి. 'చిలుక'లో చ వేరు, 'చలి'లో చ వేరు. 'జీవితం'లో జ వేరు, 'జడ'లో జ వేరు. రాతలో తేడా కనపడదు కాబట్టి వేరే రాష్ట్రం నుంచి వచ్చి, మాటల్ని తమ లిపిలో రాసుకుని పాడేవాళ్లకు ఇది దొరకడం కష్టం. 'ల', 'ళ' సంగతి సరేసరి. పోటీ వేదిక మీద బాలు గారు పిల్లల్ని ఆపి మరీ ఒక్కో అక్షరం దిద్దేవారు, ఆ పాట రాసిందెవరో స్వరపరిచిందెవరో చెప్పించేవారు. ఆ అలవాటు స్టూడియోలో ప్రాణం పోస్తుంది. తెలంగాణ మాట, రాయలసీమ మాట, ఉత్తరాంధ్ర యాస అవసరమైన చోట పలికించగలిగితే అదీ పెద్ద వైవిధ్యమే. దీనికి తోడు తమిళమో హిందీయో తప్పుల్లేకుండా పలికితే, ఒకే పాట ఐదు భాషల్లో విడుదలవుతున్న ఈ రోజుల్లో అవకాశాలు పెరుగుతాయి. పోటీలో వచ్చే హై పిచ్ మెరుపు కన్నా దీని మీద పెట్టిన గంటే ఎక్కువ ఫలితమిస్తుందని నా నమ్మకం.

ఆ హై పిచ్ గురించి ఒక హెచ్చరిక. అసలు పాట ఏ శ్రుతిలో ఉంటే అందులోనే పాడాలని పిల్లలు పట్టుబడతారు. సినిమాలో సంగీత దర్శకుడు గాయకుడి గొంతును బట్టి శ్రుతి మారుస్తాడు, 'హాఫ్ తగ్గించండి', అంటే శ్రుతి అర మెట్టు దించండి, అనడం అక్కడ అవమానం కాదు. రౌండ్ రౌండ్‌కీ గొంతు చించుకుని అరిస్తే స్వరతంతువుల మీద చిన్న చిన్న బుడిపెలు రావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు. రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే మిరియాల పాలతో సరిపెట్టకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. మగపిల్లల తల్లిదండ్రులు ఇంకోటి గుర్తుంచుకోవాలి. పన్నెండు, పదమూడేళ్లప్పుడు గొంతు మారుతుంది. పదేళ్లకు చిచ్చరపిడుగు అనిపించుకున్న పిల్లాడికి పదిహేనేళ్లకు పూర్తిగా వేరే గొంతు వస్తుంది, దాన్ని కొత్తగా మచ్చిక చేసుకోవాలి. ఆ రెండు మూడేళ్లు వాడి మీద ఒత్తిడి పెట్టకుండా చదువుకోనివ్వాలి.

డబ్బు సంగతి. సినిమా పాటకు సాధారణంగా ఒక్కసారే పేమెంట్ ఉంటుంది. కొత్తవాళ్లలో అదీ అడగలేక ఊరుకునేవాళ్లు ఉన్నారు. నిజానికి 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ గాయకులకు మేలు చేసింది. పాటను సినిమాలో వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక నిర్మాత దాన్ని వాడుకోవడాన్ని గాయకుడు అడ్డుకోలేడు గానీ, తన గొంతును వ్యాపారానికి వాడుకున్నప్పుడు రాయల్టీ పొందే హక్కు మాత్రం ఉంటుంది. ఆ హక్కు 50 ఏళ్లు నిలుస్తుంది. ఆ రాయల్టీ వసూలు కోసమే ఇండియన్ సింగర్స్ రైట్స్ అసోసియేషన్ 2013లో కాపీరైట్ సొసైటీగా రిజిస్టరైంది, తర్వాత వాద్య కళాకారులనూ కలుపుకుంది. ఒక్క పాట విడుదలైనా సభ్యత్వం గురించి కనుక్కోవడం మంచిది. పోటీలో చేరేటప్పుడు సంతకం పెట్టే కాగితాలూ అంతే. ఎన్నాళ్లు వేరే చానల్లో పాడకూడదు, బయటి ప్రోగ్రాముల ఆదాయంలో ఎవరికి వాటా, మీరు పాడిన వీడియోల మీద హక్కు ఎవరిది, ఇవన్నీ అందులో ఉంటాయి. సంతోషంలో చదవకుండా సంతకం పెట్టి తర్వాత ఏడ్చిన ఇళ్లు చూశాను. తెలిసిన లాయరు చేత ఒక గంట చదివించుకుంటే చాలు.

చాలామంది పోటీ గాయకులకు అసలు ఆదాయం స్టేజీ నుంచే. పెళ్లి సంగీత్‌లు, కాలేజీ ఫెస్టులు, ఆడియో ఫంక్షన్లు, అమెరికాలో తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల సభలు. ఇక్కడ పోటీలో నేర్చుకున్నదంతా పూర్తిగా పనికొస్తుంది. మూడు గంటల్లో భక్తి పాటతో మొదలై ఐటెం పాటతో ముగించాలి, అడిగిన పాట అక్కడికక్కడే అందుకోవాలి. దీన్ని సినిమాలో అవకాశం రానివాళ్ల పనిగా చూడటం నాకు నచ్చదు. ఇది పూర్తి వృత్తి, ఇల్లు నడిపే వృత్తి.

సొంతంగా పాట చేసి వదలడమనే దారి కూడా ఇప్పుడు బలపడింది. 'బాహుబలి'లో రేవంత్‌తో కలిసి 'మనోహరి' పాడిన మోహన భోగరాజు పేరు ఊరూరా పెళ్లి బరాతుల్లో మోగింది మాత్రం 2021లో వచ్చిన 'బుల్లెట్టు బండి' అనే ప్రైవేట్ పాటతో. ఇంకో మార్పు తలుపు దగ్గరే ఉంది. 2024లో ఏ.ఆర్. రెహమాన్ 'లాల్ సలామ్' కోసం చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతుల్ని, వాళ్ల కుటుంబాల అనుమతితో, ఏఐ సాయంతో తిరిగి పలికించారు. రేపు ట్రాక్ పాడించే బదులు సంగీత దర్శకుడు తానే పాడుకుని మెషిన్ చేత గొంతు మార్పించుకోవచ్చు. ముందు దెబ్బ తగిలేది ఎవరి గొంతుకైనా దగ్గరగా పాడి బతికేవాళ్లకే. ఇవాళ నేర్చుకుంటున్న పిల్లలకు ఈ మాట ఇప్పుడే చెప్పాలి.

ఆ రోజు స్టూడియోలో చూసిన అమ్మాయి పాడిన పల్లవి, చరణం విడుదలైన పాటలో లేవు. రెండో చరణానికి ముందు నాలుగు లైన్ల హమ్మింగ్ మాత్రం ఆమెదే ఉంచారు. తర్వాత చాలాసార్లు కోరస్‌కి పిలిచారు, ఒకటి రెండు డబ్బింగ్ పాటలు పాడింది. మొన్న ఒక ఈవెంట్‌లో కలిసినప్పుడు, కొత్త సంగీత దర్శకులకు ఏం పంపుతున్నావని అడిగాను. ఫోన్ తీసి వినిపించింది. ఇంతకుముందు పోటీలో పాడిన పాటల క్లిప్పులు పంపేదట. ఇప్పుడు తనే కట్టుకున్న చిన్న ట్యూన్, తాతమ్మ మాట్లాడే శ్రీకాకుళం యాసలో నాలుగు లైన్లు, వెనక ఒక్క తంబూరా. నిమిషం కూడా లేదు. "అన్నా, ఈ ముక్క పంపడం మొదలుపెట్టాకే, ఎవరమ్మా నువ్వు అని తిరిగి ఫోన్ చేస్తున్నారు" అంది.